వేళ్ళు లేకుండా గుమ్మానికి వేలాడి బతికిన కలబంద: ఏళ్ళ తరబడి పెంచాక నా మాట

కలబంద గుజ్జు ముఖానికి మంచిదనీ, జుట్టుకు మంచిదనీ మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. విశాఖ ఎంవీపీ కాలనీలో, రెండో అంతస్తు ఇంట్లో ఏళ్ళుగా ఈ మొక్కను పెంచుతున్నాను. నేను చెప్పదలచుకున్నది దాని మొండి ప్రాణం గురించి. వేళ్ళన్నీ కుళ్ళిపోయిన మొక్క నెలల తరబడి గాల్లో వేలాడి, మళ్ళీ కుండీలో నిలదొక్కుకుంది. మా బాల్కనీలో ఇంకే మొక్కకూ ఆ ఓపిక లేదు.

ముందు నా కోపం చెప్పేస్తాను. అది కోకోపీట్ మీద, అంటే కొబ్బరి పీచు పొట్టు మీద. నర్సరీలో కొన్నప్పుడు మొక్క కళకళలాడుతూ ఉంది. ప్లాస్టిక్ కుండీ నిండా కోకోపీటే, మట్టి పేరుకైనా లేదు. "కుండీ మార్చొద్దమ్మా, ఇందులోనే బాగా వస్తుంది" అన్నాడు అమ్మినతను. కోకోపీట్ తేలిక, నీళ్ళు పట్టి ఉంచుతుంది, కాబట్టి అమ్మేవాళ్ళకు అనుకూలమే. కలబందకు మాత్రం ఆ తేమే చేటు. అందులోనూ మన ఊరి గాలి! బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టిందంటే మూడు నాలుగు రోజులు ముసురే. ఆరేసిన బట్టలే ఆరవు, కుండీ ఏం ఆరుతుంది?

ఆ ఏడాది అక్టోబరు ముసురు తగ్గాక చూస్తే మొదలు దగ్గర మట్టలు గోధుమరంగుకు తిరిగి మెత్తబడ్డాయి. పైన అంతా పచ్చగానే ఉంది. ఒక మట్ట పట్టుకోగానే మొక్క మొత్తం చేతిలోకి ఊడి వచ్చింది. కింద వేరన్నదే లేదు. నల్లటి ముద్ద, కుళ్ళిన ఉల్లిపాయ లాంటి వాసన. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"పారేయకమ్మా, ఇలా ఇయ్యి" అన్నారు మా అత్తయ్యగారు. చాకు శుభ్రంగా తుడిచి, కుళ్ళు పోయి గట్టిగా తెల్లగా కనబడేదాకా కాండాన్ని కోసుకుంటూ వచ్చారు. మెత్తబడ్డ మట్టలన్నీ తీసేశారు. కోసిన చోటు నీడలో ఆరి పొరకట్టాక, దారం కట్టి గుమ్మం గ్రిల్లుకు తలకిందులుగా వేలాడదీశారు. దిష్టికి కలబంద కట్టడం మన ఇళ్ళల్లో ఉన్నదే. ఆవిడకు అది మామూలు పని.

కార్తీకం వెళ్ళింది, సంక్రాంతి వెళ్ళింది. మొక్కకు చుక్క నీరు పోసింది లేదు. బయటి మట్టలు పలచబడి నిలువునా మడతపడ్డాయి. నడిమి మొవ్వు మాత్రం పచ్చగా, మెల్లగా ఒంగి వెలుతురు వైపు పైకి తిరిగింది. బయటి మట్టల్లో దాచుకున్న నీటితోనే ఆ మొవ్వు బతుకుతోందన్నమాట. శివరాత్రి వచ్చేసరికి కోసిన చోటికి దగ్గరలో లేత పసుపు రంగులో వేళ్ళ మొలకలు కనబడ్డాయి. ఇంట్లో వాళ్ళందర్నీ పిలిచి చూపించాను. ఇప్పుడు అదే మొక్క కుండీ నిండా పిలకలు పెట్టింది.

దీని వెనక మంచి కారణమే ఉంది. చాలా మొక్కలు పగటి పూట ఆకు రంధ్రాలు తెరుస్తాయి, ఎండకు నీరు ఆవిరైపోతుంది. కలబంద పగలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరుస్తుంది. అప్పుడు పీల్చిన కార్బన్ డయాక్సైడ్‌ను మాలిక్ ఆమ్లంగా దాచుకుని, తెల్లారాక ఎండ తగిలినప్పుడు వాడుకుంటుంది. అరేబియా పొడి నేలల్లో పుట్టిన మొక్క కదా, నీటిని అంత పొదుపుగా వాడుతుంది. తాగేది అంత తక్కువ కాబట్టే, తడి ఆరని కుండీలో వేళ్ళకు గాలి అందక కుళ్ళు పడుతుంది.

ఇప్పుడు మా కుండీ మట్టిది, అడుగున పెద్ద చిల్లు. ఎర్రమట్టి సగం, మిగతా సగం ముతక ఏటి ఇసుక, కాస్త కంకర చిప్స్. ఇసుక దగ్గరే ఉంది కదా అని బీచ్ నుంచి తెచ్చుకోకండి, అందులో ఉప్పు ఉంటుంది. వేలు లోపలికి గుచ్చి చూస్తే పొడిగా తగిలినప్పుడే నీళ్ళు. ముసురు పట్టిందంటే కుండీ లోపలికి వచ్చేయాలి. కలబంద పనే లేని మొక్క అంటారు కదా, ఆ మాట మన ఊళ్ళో వానాకాలం తీసేస్తేనే నిజం. మే నెలలో కూడా పూర్తిగా నిజం కాదు. మధ్యాహ్నపు ఎండ, వేడెక్కిన పిట్టగోడ, రెండూ కలిస్తే మట్టలు ఇటుకరంగుకు తిరుగుతాయి. కాస్త నీడకు జరిపితే మెల్లగా పచ్చబడతాయి.

గుజ్జు గురించి ఒక్క మాట. మట్ట కోయగానే కారే పసుపు రసంలో అలోయిన్ అనే చేదు పదార్థం ఉంటుంది. నాకు దాంతో మెడ మీద దురద వచ్చింది. మట్టను కాసేపు నిలబెట్టి, ఆ రసమంతా కారిపోయాక కడిగి వాడుతున్నాను. ఇంట్లో తీసిన గుజ్జు తాగడం మాత్రం నేను చేయను. పిల్లులు, కుక్కలు ఉన్న ఇళ్ళలో కుండీ వాటికి అందకుండా పెట్టాలి, అవి తింటే విషమే.

కొనుక్కోమంటానా అంటే, ముందు మా ఇల్లు ఎలాంటిదో చెప్పాలి. మాది తూర్పు బాల్కనీ. పొద్దుటెండ దండిగా వస్తుంది, సముద్రపు గాలి ఆడుతుంది, వాన పడితే కుండీ లోపలికి జరపడానికి ఎప్పుడూ ఎవరో ఒకరు ఇంట్లో ఉంటారు. వెలుతురు తక్కువున్న ఫ్లాట్‌లో మా చెల్లికి ఇచ్చిన పిలక చావలేదు గానీ సన్నగా సాగి పక్కకు వాలిపోయింది. అలాంటి ఇంటికి కొనమని చెప్పడానికి నాకు ధైర్యం చాలదు. ఎండ తగిలే చోటుంటే మాత్రం కొనండి, తెచ్చిన వారంలోనే ఆ కోకోపీట్ దులిపేసి మట్టిలోకి మార్చండి.