జీపార్టెడ్ లైవ్: ఏ పార్టిషన్‌ను జరపాలన్నదే అసలు లెక్క

తిరుపతిలో పెళ్ళిపత్రికలు, కరపత్రాలు కంపోజ్ చేసే నా డీటీపీ సెంటర్‌లోని ల్యాప్‌టాప్‌లో పేజ్‌మేకర్, అను ఫాంట్ల కోసం విండోస్, మిగతా పనులకు ఉబుంటు అనే లినక్స్ వ్యవస్థ ఉన్నాయి. ఉబుంటు వేసుకున్ననాడు రూట్ పార్టిషన్‌కు, అంటే ఆ వ్యవస్థ ఫైళ్ళుండే డిస్కు భాగానికి, 30 జీబీ చాలుననుకున్నాను. మూడేళ్ళకు అది నిండిపోయి అప్‌డేట్లు మధ్యలోనే ఆగిపోసాగాయి. ఊళ్ళోని ఒక మరమ్మతు దుకాణంలో చూపిస్తే డిస్కంతా ఫార్మాట్ చేయక తప్పదన్నారు. శ్రావణమాసపు ముహూర్తాలు దగ్గరపడుతున్న వేళ అందుకు మనసొప్పక జీపార్టెడ్ లైవ్‌ను ప్రయత్నించాను.

పార్టిషన్లను పెంచడానికి, తగ్గించడానికి, జరపడానికి పనికొచ్చే ఈ ఉచిత సాధనం డెబియన్ అనే లినక్స్ ఆధారంగా తయారైంది; ఇది పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది. ఎక్స్‌ట్4 (నా ఉబుంటు వాడే ఫైల్ వ్యవస్థ) పార్టిషన్‌ను వాడుకలో ఉండగానే పెంచవచ్చు గాని, తగ్గించాలన్నా, దాని మొదలును జరపాలన్నా ముందుగా అన్‌మౌంట్ చేయాలి, అంటే వాడుక నుంచి తప్పించాలి. నడుస్తున్న ఉబుంటులో రూట్ విషయంలో అది కుదరదు కనుకనే ఈ బయటి దారి. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే మరో ఫైల్ వ్యవస్థ వాడేవారికి మాత్రం తగ్గించే సౌకర్యం ఇక్కడా లేదు.

తెరపై డిస్కు పొడవాటి పట్టీలా కనిపిస్తుంది: ఎడమన విండోస్, నడుమ రూట్, కుడివైపు నా సొంత ఫైళ్ళుండే 150 జీబీ హోమ్. హోమ్‌లో ఖాళీ ఎక్కువ కాబట్టి అక్కడి నుంచే 40 జీబీ తీద్దామనుకున్నాను. అయితే హోమ్ ఎడమ అంచు జరగాలంటే మిగిలే 110 జీబీల భాగమంతా కొత్త చోటికి నకలు కావాలి; అదే విండోస్ చివరి నుంచి తీసుకుంటే కదలవలసింది 30 జీబీల రూట్ ఒక్కటే. అందువల్ల ఫాస్ట్ స్టార్టప్‌ను (షట్‌డౌన్ చేసినా విండోస్‌ను పూర్తిగా మూతపడనివ్వని సౌకర్యం) ఆపివేసి, విండోస్ సొంత డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే దాన్ని కుదించాను.

మనం చెప్పిన పనులన్నీ తెర అడుగున వరుసగా చేరతాయి, పచ్చని టిక్కు నొక్కేదాకా డిస్కుపై ఏమీ మారదు. నేను రెండుసార్లు తప్పుగా పెట్టి వెనక్కి తీసుకున్నాను. మౌస్‌తో అంచును లాగితే కచ్చితత్వం రాదు, అంకెలు వేయడమే మేలు; అవి మెబీబైట్లలో (జీబీకి 1024 చొప్పున) ఉండాలి గనుక 40 జీబీకి 40960 అని లెక్కగట్టుకోవాలి, ఇది కొంచెం చికాకే.

అసలు లోపం మరొకటి. రూట్‌ను జరిపితే వ్యవస్థ బూట్ కాకపోవచ్చని, ఎక్కువసేపు పట్టవచ్చని ముందే హెచ్చరిస్తుంది గాని ఎంతసేపో చెప్పదు. మొదలయ్యాక బలవంతంగా ఆపితే ఫైల్ వ్యవస్థ దెబ్బతినే ప్రమాదముంది. మా వీధిలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి, ఫైళ్ళన్నీ బయటి హార్డ్‌డిస్కులో దాచి, బ్యాటరీ నిండా ఛార్జి చేశాకే మొదలుపెట్టాను. పని 25 నిమిషాల్లో పూర్తయింది.

పార్టిషన్‌ను గుర్తించే సంఖ్య అయిన యూయూఐడీ మారలేదు కనుక, ఏ పార్టిషన్ ఎక్కడ తెరుచుకోవాలో రాసి ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైలును ముట్టుకోనక్కరలేకుండానే ఉబుంటు లేచింది. రూట్ ఇప్పుడు 70 జీబీ. ఆగిపోయిన అప్‌డేట్లు ఆ సాయంత్రమే పూర్తయ్యాయి.