చిన్న లోహపు భాగానికి ఏది మేలు: ఎమ్‌ఐఎమ్ ఉక్కా, గాజు లోహమా?

బెంగళూరు పీణ్యలో చిన్న పరికరాలు డిజైన్ చేసే మన తెలుగువాళ్లు కలిసినప్పుడల్లా ఒకటే అడుగుతున్నారు: "అన్నా, గోరంత పార్టు. పక్కనే హోస్కోటెలో ఎమ్‌ఐఎమ్ చేయించుకునే వీలుండగా అమార్ఫస్ మిశ్రమం జోలికి ఎందుకు వెళ్లడం?" ఎమ్‌ఐఎమ్ అంటే లోహపు పొడిని జిగురు పదార్థంతో కలిపి అచ్చులోకి ఎక్కించి, తర్వాత కొలిమిలో కాల్చి గట్టిపరచడం (ఆ కాల్చడమే సింటరింగ్). అమార్ఫస్ మిశ్రమమంటే గాజు లోహమే: గాజులా, లోపల స్ఫటికాలు లేని లోహం. నేనూ చాలాకాలం అదే అనుకున్నాను. నిరుడు ఒక చేతి పరికరానికి లాచ్ (వంగి పట్టుకునే కొక్కెం) గీయాల్సి వచ్చినప్పుడు మనసు మార్చుకున్నాను.

చాలామంది ముందు కొలతల సంగతి ఎత్తుతారు. అందులో గాజు లోహానిదే పైచేయి. ఎమ్‌ఐఎమ్ భాగం సింటరింగ్‌లో 15 నుంచి 20 శాతం దాకా కుంచించుకుపోతుంది. గాజు లోహం స్ఫటికాలు కట్టకుండానే గట్టిపడుతుంది కాబట్టి దాని కుంచింపు అర శాతానికి అటూఇటూ. కానీ తేల్చేది అది కాదని నా అభిప్రాయం. ఆ భాగం వంగి మళ్లీ యథాస్థితికి రావాలా, అక్కర్లేదా? నేను ముందు చూసేది ఇదే.

ఎమ్‌ఐఎమ్‌లో బాగా వాడే 17-4 పీహెచ్ రకం స్టెయిన్‌లెస్ ఉక్కును ఎంత బలపరిచినా, సాగుదల దాదాపు అర శాతం దాటితే వంకర అలాగే ఉండిపోతుంది. జిర్కోనియం గాజు లోహం రెండు శాతానికి దగ్గరగా సాగి కూడా వెనక్కి వస్తుంది. నా లాచ్ చేయి మందం 0.6 మిల్లీమీటర్లు, దాని కొన 0.25 మిల్లీమీటర్లు కదలాలి. హద్దులో సగమే వాడుకుందామంటే ఉక్కు చేయి 9 మిల్లీమీటర్ల పొడవుండాలి. గాజు లోహానికి 5 చాలు. పొట్టి చేయి బిగుసుగా ఉంటుంది, నిజమే. గాజు లోహపు స్థితిస్థాపక గుణకం (వంగకుండా ఎదురు నిలిచే బిగువు) ఉక్కులో సగమే అయినా, అదే వెడల్పు ఉంచితే నొక్కే బలం దాదాపు మూడింతలవుతుంది. అందుకే వెడల్పును మూడో వంతుకు తగ్గించాను. బలం ఉక్కు చేయికి కావలసినంతకే వచ్చింది, లాచ్ పొడవులోనూ వెడల్పులోనూ చిన్నదైంది. ఇరుకు పరికరంలో ఇంతకన్నా ఏం కావాలి!

అయితే ఉక్కుకు గీసిన బొమ్మను గాజు లోహానికి పంపకూడదు. పరమాణువులు వరుస కట్టేలోపే కరిగిన లోహం చల్లబడాలి. 1960లో అమెరికాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయంలో తొలి గాజు లోహం చేసినప్పుడు సెకనుకు సుమారు పది లక్షల డిగ్రీల వేగం కావలసి వచ్చింది. 1990ల్లో అక్కడే పుట్టిన విట్రెలాయ్ అనే జిర్కోనియం గాజు లోహానికి సెకనుకు కొద్ది డిగ్రీలు చాలు. అయినా ఆక్సిజన్ తగిలితే ఆ వెసులుబాటు తగ్గుతుంది, అందుకే వ్యాక్యూమ్‌లో పోస్తారు. నేను మాత్రం ఏ గోడనూ 4 మిల్లీమీటర్లు దాటనివ్వను. ముద్దలా ఉన్నచోట లోపల స్ఫటికాలు పుట్టి పెళుసుబారుతుంది.

మూలల దగ్గర మరీ జాగ్రత్త. ఉక్కు హద్దు దాటితే వంగి హెచ్చరిస్తుంది, ఇది ఫటుక్కున విరుగుతుంది. మొదటి నమూనాలో చేయి మొదలు దగ్గరి మూలకు 0.1 మిల్లీమీటర్ల రేడియస్ (గుండ్రం) ఇచ్చాను, సరిగ్గా అక్కడే తెగింది. దాన్ని 0.5కు పెంచి, చేయి అవసరానికి మించి కదలకుండా కింద ఒక ఆపు పెట్టాక నిలబడింది. వెల్డింగు, బ్రేజింగు ఆలోచనే వద్దు: సుమారు 400 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, ఇంకా వేడెక్కితే గాజు స్వభావమే పోతుంది.

పదుల సంఖ్యలో కావాలంటే సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే కోత యంత్రం) చాలు. జింక్ డై కాస్టింగ్ చవకే, కానీ బరువు మోస్తూ ఉంటే కాలక్రమంలో సాగుతుంది, లాచ్‌కు పనికిరాదు.

అదే పరికరంలో కీలు దిమ్మ మాత్రం ఎమ్‌ఐఎమ్‌లోనే చేయించాను. అది వంగనక్కర్లేదు, కింద పడితే దెబ్బ తినేది అదే, పైగా ఎమ్‌ఐఎమ్ చేసేవాళ్లు నాలుగు చోట్ల దొరుకుతారు.