సర్వర్ లేచిందా? ఎనిమిదేళ్లుగా నేను కర్ల్‌నే అడుగుతున్నాను

బెంగళూరు మారతహళ్లిలో ఒక చిన్న కంపెనీలో సర్వర్ల పని చూస్తాను. మా టీములో సగం మంది తెలుగువాళ్లమే. కొత్త వెబ్ సర్వర్ ఇన్‌స్టాల్ చేసిన ప్రతిసారీ పక్క సీటు నుంచి వచ్చే మొదటి మాట, "అన్నా, లేచిందా?" ఎనిమిదేళ్లుగా ఆ మాటకు జవాబు కర్ల్ నోటి నుంచి విన్నాకే చెబుతున్నాను. స్వీడన్‌కు చెందిన డేనియల్ స్టెన్‌బర్గ్ 1998లో ఈ పేరుతో విడుదల చేసిన ఉచిత కమాండ్ ఇది; వెబ్ అడ్రస్ ఇస్తే ఆ సర్వర్ దగ్గరికి వెళ్లి జవాబు తెచ్చి టెర్మినల్‌లో చూపిస్తుంది. ఇన్నేళ్లు రోజూ వాడాక నాకు తెలిసింది చెబుతాను.

మొదట్లో నేనూ బ్రౌజర్‌లోనే చూసేవాణ్ణి. ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ స్వాగతం పేజీ కనిపిస్తే పని అయిపోయిందనుకునేవాణ్ణి. కానీ బ్రౌజర్ తన దగ్గర దాచుకున్న పాత పేజీని కూడా చూపించగలదు. సర్వర్ ఆగిపోయి ఉండగా "బాగానే ఉందండీ" అని ఒక క్లయింట్‌కు చెప్పి, తర్వాత క్షమాపణ అడగాల్సి వచ్చింది. కర్ల్ మామూలుగా ఏ పేజీనీ దాచుకోదు. అడిగిన ప్రతిసారీ కొత్తగా వెళ్లి తలుపు తడుతుంది.

తర్వాత సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ అనే లినక్స్ కమాండ్ అలవాటైంది. పచ్చ రంగులో యాక్టివ్, రన్నింగ్ అని కనిపిస్తే ఎవరికైనా ప్రాణం కుదుటపడుతుంది. అది ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) బతికి ఉందని చెబుతుంది, అంతవరకే. బయటి మనిషికి పేజీ అందుతోందో లేదో దానికి తెలియదు. ఈ తేడా నాకు ఒక సంక్రాంతి ముందు అర్థమైంది.

మాకు తెలిసిన గుంటూరు దంపతులు ఇక్కడే పచ్చళ్ల వ్యాపారం చేస్తారు. పండగ ఆర్డర్ల కోసం వాళ్ల సైటును కొత్త క్లౌడ్ సర్వర్‌కు మార్చాను. స్టేటస్ పచ్చగా ఉంది. సర్వర్ లోపలి నుంచే లోకల్‌హోస్ట్‌కు, అంటే ఆ మెషీన్‌కే, కర్ల్ కొడితే అంతా సరే అనే కోడ్ 200 వచ్చింది. ధైర్యంగా ఇంటికి వెళ్లిపోయాను. రాత్రి ఆవిడ ఫోన్ చేసి, "బాబూ, సైటు తెరుచుకోవట్లేదు, అమెరికాలో మా అమ్మాయికి కూడా రావట్లేదట" అన్నారు. ఆ గొంతులో ఉన్న టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. ఇంటి నుంచి కర్ల్ కొట్టి చూశాను. చాలాసేపు ఉలుకూ పలుకూ లేదు, చివరికి కనెక్షన్ టైమవుట్ అంది.

ఆ ఒక్క మాటే నాకు దారి చూపించింది. కర్ల్ కనెక్షన్ రిఫ్యూజ్డ్ అంటే మనం మెషీన్ దాకా చేరాం, ఆ పోర్టులో (మెషీన్‌కు ఉండే నంబరు తలుపులో) మాత్రం మన మాట వినేవాడు లేడని దాదాపు అర్థం. సర్వర్ ఆగిపోయి ఉండొచ్చు, లేదా మెషీన్ లోపలి అడ్రస్ అయిన 127.0.0.1 మీద మాత్రమే వింటూ ఉండొచ్చు. అప్పుడు సర్వర్‌లోకి వెళ్లి ఎస్ఎస్ కమాండ్‌తో వెబ్‌కు వాడే 80, 443 పోర్టులు ఏ అడ్రస్ మీద వింటున్నాయో చూస్తాను. టైమవుట్ అయితే దారిలో ఎవరో మన ప్యాకెట్లను చప్పుడు లేకుండా పారేస్తున్నారన్న అనుమానమే ముందు రావాలి. ఆ రాత్రి జరిగింది అదే. బయటి నుంచి ఏ పోర్టుకు రావచ్చో నిర్ణయించే క్లౌడ్ సెక్యూరిటీ గ్రూప్‌లో నేను 80, 443 పోర్టులు తెరవలేదు. తెరిచాక నిమిషంలో సైటు వచ్చింది. అప్పటి నుంచి బయటి మనిషిలా, ఆఫీసు వీపీఎన్ తీసేసి, ఫోన్ మొబైల్ డేటా మీద కర్ల్ కొట్టకుండా ఏ సర్వర్‌నీ లేచిందని అనలేదు.

200 వచ్చినా నేను ఆగను. ఉబుంటు లినక్స్‌లో ఎన్‌జిన్‌ఎక్స్‌తో పాటు వచ్చే డిఫాల్ట్ సైటు అలాగే ఉండి, మన కాన్ఫిగ్‌లో డొమైన్ పేరు ఒక్క అక్షరం తప్పినా, స్వాగతం పేజీయే 200తో వచ్చేస్తుంది. అందుకే పేజీ మొత్తం తెప్పించి, అందులో క్లయింట్ షాపు పేరు ఉందో లేదో గ్రెప్ కమాండ్‌తో వెతుకుతాను. డీఎన్ఎస్ (సైటు పేరుకు ఐపీ అడ్రస్ చెప్పే వ్యవస్థ) ఇంకా పాత సర్వర్ వైపే ఉన్నప్పుడు రిజాల్వ్ ఆప్షన్ చాలా ఉపయోగపడుతుంది. ఈ పేరుకు ఈ ఐపీ అనుకో అని చెబితే, డీఎన్ఎస్ మార్చకముందే కొత్త సర్వర్‌ను దాని అసలు పేరుతో పరీక్షించొచ్చు. కర్ల్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

ఇబ్బందులు లేకపోలేదు. టైమ్ పరిమితి ఇవ్వకపోతే, జవాబు రాని చోట నిమిషాల తరబడి కూర్చోబెడుతుంది. నేను ఎప్పుడూ ఎమ్ ఆప్షన్‌తో 5 సెకన్లు ఇస్తాను. పేజీ వేరే చోటికి మారిందనే 301 వస్తే దాని వెంట తనంతట తాను వెళ్లదు, క్యాపిటల్ ఎల్ ఇవ్వాలి. క్యాపిటల్ ఐ ఇస్తే పేజీ కాకుండా దాని గురించిన వివరాలు, అంటే హెడర్లు, మాత్రమే అడుగుతుంది. కొన్ని అప్లికేషన్లు అలాంటి అభ్యర్థనకు ఇలా అడగడం కుదరదని 405 ఇస్తాయి, దాంతో సర్వర్ పాడైందని కంగారు పడతాం. స్క్రిప్టులో వాడేటప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. పేజీ లేదనే 404 వచ్చినా, వెనకున్న సర్వర్ నుంచి సరైన జవాబు రాలేదనే 502 వచ్చినా మామూలు కర్ల్ విజయవంతంగా ముగిసినట్టే 0 ఇస్తుంది, ఎఫ్ ఆప్షన్ పెడితేనే తప్పుగా లెక్కేస్తుంది. విండోస్‌తో వచ్చే పాత పవర్‌షెల్‌లో కర్ల్ అని కొడితే వేరే కమాండ్ నడుస్తుంది, అక్కడ కర్ల్ డాట్ ఈఎక్స్ఈ అని పూర్తిగా రాయాలి. సైటు అసలైనదని చూపే సర్టిఫికెట్ తప్పుంటే కే ఆప్షన్ పెట్టి దాటేయడం చాలామందికి అలవాటు. దయచేసి ఆ అలవాటు చేసుకోకండి, ఆ తప్పు రేపు కస్టమర్ బ్రౌజర్‌లో ఎర్రగా కనిపిస్తుంది.

కర్ల్ చెప్పలేనిది ఒకటుంది. ఈ క్షణం లేచిన సర్వర్ రీబూట్ తర్వాత కూడా లేస్తుందా? ఉబుంటులో ఇన్‌స్టాల్ చేయగానే ఎన్‌జిన్‌ఎక్స్ మొదలవుతుంది, రీబూట్ అయ్యాక కూడా తనే లేస్తుంది. రాకీ లినక్స్ లాంటి వాటిలో అలా కాదు, సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ మనమే ఇవ్వాలి. ఫైర్‌వాల్‌లో పోర్టు కూడా శాశ్వతంగా తెరవాలి. అందుకని అప్పగించే ముందు ఒకసారి కావాలనే రీబూట్ చేసి, మళ్లీ బయటి నుంచి కర్ల్ కొడతాను.

పోయిన వారం మా టీములో కొత్తగా చేరిన నెల్లూరు తమ్ముడు తన మొదటి సర్వర్ పెట్టాడు. "లేచిందా?" అని ఈసారి నేనడిగాను. "ఆగన్నా, రీబూట్ అవుతోంది" అంటూ ల్యాప్‌టాప్‌ను తన ఫోన్ హాట్‌స్పాట్‌కు కలుపుకున్నాడు.