విమానాల మోత: ఒకే ఊరి నెత్తిన వెయ్యాలా, పది ఊళ్లకు పంచాలా?

మా బావమరిది నెల్లూరు జిల్లా దగదర్తి దగ్గర ఒక వెంచర్లో ప్లాటు చూసుకున్నాడు. బ్రోచర్ మొదటి పేజీ నిండా విమానం బొమ్మ, దాని కింద 'ఎయిర్‌పోర్టుకు పది నిమిషాలు'. 2019 జనవరిలో అక్కడ విమానాశ్రయానికి శంకుస్థాపన అయింది మొదలు అసలు విమానం రాకపోయినా ఆ బొమ్మ మాత్రం ఎకరాలకెకరాలు అమ్మిపెడుతోంది. "ఏం బావా, తీసుకోమంటావా?" అన్నాడు. రన్‌వే ఏ దిక్కుకు వేస్తున్నారు, నీ ప్లాటు దాని కొసకు ఎదురుగా ఉందా, పక్కకు ఉందా అని అడిగాను. అవన్నీ ఎవరికి తెలుసు అన్నట్టు చూశాడు.

నాకు తెలియాల్సి వచ్చింది. ఆరేళ్లు మద్రాసులో, పమ్మల్‌లో అద్దెకున్నాం. రన్‌వే పడమటి కొసకు ఆనుకున్న పేట అది. అక్టోబరు దాటాక ఈశాన్య గాలి మొదలైతే విమానాలు మా మీదుగా దిగేవి. సన్నటి ఈల, చక్రాలు లెక్కపెట్టగలిగేంత కిందగా. జూన్ నుంచి పడమటి గాలి పట్టుకుంటే అవే మా వైపు లేచేవి. అప్పుడు ఈల కాదు, ఉరుము. గూట్లో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగేవి. ఫోన్లో మాట్లాడుతూ మాట మధ్యలో ఆగి, విమానం పోయాక మిగతా సగం చెప్పడం ఎంత అలవాటైపోయిందంటే, నెల్లూరు వచ్చేశాక కూడా కొన్నాళ్లు ఊరికే ఆగేవాణ్ణి.

వడ్లు తూర్పారబట్టే రైతులాగే పైలట్ కూడా ముందు గాలి ఎటుందో చూసుకుంటాడు. ఎదురుగాలికే లేవాలి, ఎదురుగాలికే దిగాలి. మన తీరంలో గాలి ఏడాదంతా ఒకే వైపు నుంచి రాదు. వేసవి మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగితే ఒక్క రోజులోనే దిక్కు మారొచ్చు. అంటే రన్‌వేకి రెండు కొసల్లో ఉన్నవాళ్లూ వంతులవారీగా మోత వినాల్సిందే. ఇంతవరకు ఎవరి చేతిలోనూ లేదు. మనిషి చేతిలో ఉన్నది ఆ తర్వాత సంగతి: లేచిన విమానం ఎటు తిరగాలి, దిగే విమానం ఏ ఊళ్ల మీదుగా రావాలి.

ఒక పద్ధతి, అన్నిటినీ ఒకే గీత మీద నడపడం. శాటిలైట్ నావిగేషన్ వచ్చాక ఇది మరీ తేలికైంది. ఒకప్పుడు మైళ్ల వెడల్పున చెదిరిపోయే విమానాలు ఇప్పుడు పట్టాల మీద రైలులా ఒకదాని వెనక ఒకటి పోతాయి. ఆ గీతను పొలాల మీద, రొయ్యల గుంటల మీద, సముద్రం మీద గీయగలిగితే ఇంతకంటే మంచి పద్ధతి లేదు. ఇళ్ల మీద గీస్తే ఏమవుతుందో అమెరికాలోని ఫీనిక్స్ చూసింది. 2014లో అక్కడ కొత్త దారులు పెట్టారు. అంతవరకు ప్రశాంతంగా ఉన్న పాత పేటల మీద ఒక్కసారిగా మోత మొదలైంది. జనాన్ని సరిగా అడగలేదని నగరమే కోర్టుకెక్కితే 2017లో అప్పీలు కోర్టు నగరం వైపే తీర్పు చెప్పింది.

రెండోది పంచడం. సిడ్నీలో 1994లో మూడో రన్‌వే తెరిచాక ఒక వైపు జనం భగ్గుమన్నారు. 1997 నుంచి అక్కడ వీలైనన్ని విమానాలు నీళ్ల మీదుగా, మిగతావి అన్ని వైపులకూ అనే ప్రణాళిక నడుస్తోంది. లండన్ హీత్రూలో ఉన్న రెండు రన్‌వేలకూ వంతులు వేశారు. పడమటి గాలి రోజుల్లో మధ్యాహ్నం 3 గంటలకు దిగే రన్‌వే మార్చేస్తారు. పొద్దుటి నుంచి విన్నవాళ్లకు సాయంత్రం సెలవు.

వినడానికి పంచడమే న్యాయంగా ఉంటుంది. లెక్క వేస్తే అంత సూటిగా లేదు. ఒక ఊరి మీద పోయే విమానాల్లో సగం పక్క ఊరికి పంపితే ఆ ఊరి సగటు మోత తగ్గేది 3 డెసిబెల్స్. చెవికి మోత సగమైనట్టు అనిపించాలంటే సుమారు 10 తగ్గాలి. కాబట్టి మీటరు చూస్తే మొదటి ఊరికి ఒరిగింది కొంచెమే, రెండో ఊరికి కొత్తగా నిద్ర చెడింది. కాకపోతే పమ్మల్‌లో ఉన్నవాడిగా ఒకటి చెప్పగలను. నిద్రలో మనిషి సగటు వినడు. రాత్రికి ఎనిమిదిసార్లు లేచినవాడు నాలుగుసార్లే లేస్తే అది పెద్ద తేడానే. అందుకే ఈ వాదన తెగదు.

మనకు సంబంధించి ఈ వాదన సగం అనవసరం కూడా. ఒక్కటే రన్‌వే ఉన్నచోట హీత్రూలాగా వంతులు కుదరవు. పైగా దిగే విమానం చివరి కొన్ని కిలోమీటర్లు రన్‌వేకి తిన్నగానే రావాలి. మామూలుగా 3 డిగ్రీల వాలులో దిగుతుంది కాబట్టి నేలను తాకే చోటికి 10 కిలోమీటర్ల ముందు సుమారు 520 మీటర్ల ఎత్తున, 5 కిలోమీటర్ల ముందు 260 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఆ ముక్కలో పంచడానికేమీ లేదు. అదే 5 కిలోమీటర్లు రన్‌వేకి పక్కగా ఉన్న ఊరికి ఇందులో చాలా కొంచెమే వినిపిస్తుంది. పంచే వీలుండేది లేచేవాటిలో, అదీ అవి మలుపు తిరిగాక. మన మే నెల ఎండలకు గాలి పలచబడి విమానం మెల్లగా పైకెక్కుతుంది, ఆ రోజుల్లో మలుపు దాకా కిందకిందనే పోతుంది.

మూడో మాట రాత్రి బంద్. సిడ్నీలో రాత్రి 11 నుంచి 6 దాకా, ఫ్రాంక్‌ఫర్ట్‌లో 2011 నుంచి రాత్రి 11 మొదలు 5 దాకా ఆంక్షలున్నాయి. మనకు మొదట్లో రాత్రి విమానాలు ఎటూ తక్కువే, కాబట్టి కాగితం మీద రాసుకోవాల్సింది కూడా అప్పుడే. ఒకసారి కంపెనీలు టైములు తీసుకున్నాక కదపడం కష్టం. రొయ్యల జిల్లాలో రాత్రి కార్గో ఆపుతారా అని ఎవరో ఒకరు లేస్తారు. రొయ్యలు ఎక్కువగా ఐసు కట్టి ఓడల్లోనే పోతాయి, విమానం ఎక్కేవి హేచరీలకొచ్చే తల్లి రొయ్యలు. ఆ కొద్దిపాటి సరుకు కోసం ఊళ్లకు ఊళ్లు మేలుకోనక్కర్లేదు.

నన్నడిగితే ఒకే గీతకే ఓటు, ఒక షరతు మీద. బిట్రగుంట రైల్వే క్వార్టర్సులో పెరిగిన మా అత్తను రైలు కూతలకు నిద్ర ఎట్టా పట్టేదని అడిగితే, "పట్టాలు కనబడతానే ఉండాయి గదయ్యా, తెలిసే గదా ఉండాం" అంది. పట్టాలు కంటికి కనిపిస్తాయి, చూసుకుని ఇల్లు కట్టుకుంటాం. విమానం పట్టాలు కనబడవు. కాబట్టి ఆ గీతను మ్యాపు మీద ఊళ్ల పేర్లతో సహా గీసి, మొదటి విమానం రాకముందే పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి. దాని కింద కొత్త లేఅవుట్లకు అనుమతి ఇవ్వకూడదు. ఇప్పుడున్న అనుమతుల్లో భవనం ఎత్తు ఎంత అని చూస్తారు, పైన మోత ఎంత అని కాదు. 2018లో కేంద్ర పర్యావరణ శాఖ విమానాశ్రయాల మోతకు హద్దులు పెట్టింది. ఏటా 50 వేలకు మించి రాకపోకలుంటే పగలు 70, రాత్రి 65 డెసిబెల్స్, మిగతావాటికి 65, 60. కట్టబోయే విమానాశ్రయాలను మాత్రం ఆ పట్టికలో నుంచి తీసేశారు. హద్దు అందరికంటే ముందు కావాల్సింది వాటికే కదా.

ఈ ఓటు వేస్తూనే నాకొక దిగులుంది. గీత ఎవరి మీద పడుతుంది? మన వైపు హైవే అయినా, కాలువ అయినా, హైటెన్షన్ లైను అయినా మోతుబరి తోటను తప్పించుకుని ఏ పాళెం మీదుగానో వంకర పోవడం చూశాం. విమానం గీత కూడా అట్టాగే వంకర తిరిగితే పంచడమే నయం. ఒంగోలుకు కొత్తపట్నం వైపు విమానాశ్రయం మాట నడుస్తోంది, అక్కడ తూర్పుకు తిప్పితే సముద్రమే. కానీ ఒడ్డున ఉన్నవి కూడా ఇళ్లే.

నిన్న బావమరిది బ్రోకరుకు నా ముందే ఫోన్ చేసి స్పీకర్ ఆన్ చేశాడు. "రన్‌వే ఎటు వైపన్నా?" అని అడిగాడు. అవతల కాసేపు నిశ్శబ్దం. "అదంతా తర్వాత చూద్దాం సార్, ముందు మీకిచ్చేది తూర్పు ఫేసింగ్."