ఓటో డిక్స్ దారిలో: గేరా నుంచి బోడెన్ సరస్సు దాకా

జర్మన్ చిత్రకారుడు ఓటో డిక్స్ కోసమని జర్మనీలో తిరిగేవాళ్లు చాలావరకు డ్రెస్డెన్‌లో, మొదటి ప్రపంచ యుద్ధం మీద ఆయన గీసిన ‘యుద్ధం’ చిత్రం చూసి వెనక్కి తిరుగుతారు. అక్కడితో మనిషి సగమే తెలుస్తాడు. పుట్టిన గేరా, చదువుకుని తర్వాత చదువు చెప్పిన డ్రెస్డెన్, ‘మహానగరం’ చిత్రం ఉన్న స్టుట్‌గార్ట్, చివరి 33 ఏళ్లు గడిపిన, బోడెన్ సరస్సు ఒడ్డునున్న హెమ్మెన్‌హోఫెన్ కలిపి చూడాలంటే ఆరు రోజులు కావాలి. ఏప్రిల్ నుంచి అక్టోబర్ లోపల పెట్టుకోండి. హెమ్మెన్‌హోఫెన్ ఇల్లు చలికాలమంతా మూసే ఉంటుంది, డిసెంబర్‌లో డ్రెస్డెన్ గదుల అద్దెలు క్రిస్మస్ సంతల పుణ్యమా అని ఆకాశంలో ఉంటాయి. ఈ మ్యూజియంలకు సోమవారం సెలవు కాబట్టి పెద్ద రైలు ప్రయాణం ఆ రోజుకు పెట్టుకుంటే రోజు వృథా కాదు.

గేరాకు పూట చాలు. 1891 డిసెంబర్ 2న డిక్స్ పుట్టిన ఇల్లు (ఇప్పుడు మ్యూజియం) ఉంటెర్మ్‌హౌస్ పేటలో, వైస్సె ఎల్‌స్టర్ నది ఒడ్డున, చర్చి పక్కనే ఉంది. తండ్రి ఇనుప ఫౌండ్రీ కార్మికుడు, తల్లి కుట్టుపని చేసేది. ఆ పేటకు ట్రామ్ ఉంది. వాతావరణం బాగుంటే స్టేషన్ నుంచి క్యూషెన్‌గార్టెన్ పార్కు మీదుగా నడిచి వెళ్లడమే హాయి. 2013 జూన్ వరదలో నది నీళ్లు ఈ ఇంట్లోకి వచ్చాయి. తర్వాత బాగు చేసి మళ్లీ తెరిచారు. ఫలానా బొమ్మ చూడాలని పట్టుదలతో మాత్రం వెళ్లకండి. కాగితం మీది పనులు వెలుతురుకు పాడవుతాయి కాబట్టి వాటిని కొన్ని నెలలే గోడకు ఉంచి, మళ్లీ చీకటి గదిలో పెట్టేస్తారు. ఆ కారణంగానే గదులు మసకగా ఉంటాయి. కళ్లు అలవాటు పడటానికి ఐదు నిమిషాలు ఆగితే గీతలు తేటపడతాయి.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది, ఆయన మొదట కార్ల్ జెన్ఫ్ అనే అలంకరణ పెయింటర్ దగ్గర గోడలకు, పైకప్పులకు రంగులు వేసే పని నేర్చుకున్నాడు. 1910లో డ్రెస్డెన్ కళాశాలకు వెళ్లేటప్పటికే చేతిలో పనితనం ఉంది. గేరాలో రాత్రి బస అవసరం లేదు. లైప్జిగ్, కెమ్నిట్స్‌లలో చదువుకునే మన పిల్లలు నలుగురైదుగురు కలిసి జాక్సెన్ టికెట్ (సాక్సనీ రాష్ట్రంలో ఒక రోజుకు చెల్లే రైలు టికెట్) తీసుకుంటే ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేయొచ్చు. ఆ టికెట్ గేరా ఉన్న థ్యూరింగెన్ రాష్ట్రంలో కూడా చెల్లుతుంది. కాకపోతే పనిరోజుల్లో ఉదయం 9 గంటల తర్వాతే ఎక్కాలి, ఐసీఈ, ఐసీ అనే దూరప్రయాణపు వేగ రైళ్లలో చెల్లదు. 8:50 రైలెక్కి జరిమానా కట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

డ్రెస్డెన్‌కు రెండు రాత్రులు ఇవ్వండి. ఎల్బె ఒడ్డున బ్రూల్ టెరస్ మీద కళా అకాడమీ, దాని పక్కనే ఆల్బెర్టీనుం మ్యూజియం. అకాడమీ గాజు గోపురాన్ని ఊరివాళ్లు ‘నిమ్మకాయ పిండేది’ అంటారు, చూస్తే మీరూ అదే అంటారు. డిక్స్ 1927 నుంచి అక్కడ ప్రొఫెసర్. 1933 ఏప్రిల్‌లో నాజీలు ఉద్యోగం పీకేశారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో నగర సభ భవనంలో ఆయనవీ, ఇతర ఆధునిక చిత్రకారులవీ బొమ్మల్ని వెక్కిరించడానికే ప్రదర్శన పెట్టారు. అందులో చూపిన ఆయన ‘కందకం’ అనే చిత్రం చివరికి ఏమైందో నేటికీ తెలియదు.

ఆల్బెర్టీనుంలో ‘యుద్ధం’ (1929–32) ముందు కనీసం అరగంట కావాలి. నడిమి పలక 204 సెంటీమీటర్ల చదరం, పక్క పలకలు దానిలో సగం వెడల్పు, కింద 60 సెంటీమీటర్ల ఎత్తు పలక ఇంకొకటి. చర్చి బలిపీఠం చిత్రాల కూర్పు ఇది, లోపల దేవుడి బదులు ముళ్లకంచె, కుళ్లిన శవాలు. ఎలా గీశాడో తెలిస్తే చూపు మారుతుంది. ముందు పూర్తి పరిమాణంలో కాగితం మీద నమూనా, దాన్ని చెక్క పలక మీదికి ఎక్కించడం, టెంపెరాతో (గుడ్డు సొన లాంటిది కలిపి చేసే రంగు) వెలుగునీడలు కట్టడం, ఆపైన పల్చటి నూనె రంగు పొరలు ఒకటి ఆరాక ఒకటి. పాత జర్మన్ గురువుల పద్ధతి. సరిదిద్దుకునే వీలు తక్కువ కాబట్టి నమూనాలోనే అన్నీ తేల్చుకోవాలి. పొరల మెరుపు వల్ల ఎదురుగా నిలబడితే దీపాలు ప్రతిఫలించి చీకటి భాగాలు కనిపించవు. ఎడమకు రెండడుగులు జరిగి, ఏటవాలుగా చూడండి. పెద్ద బ్యాగులు, తడి గొడుగులు లోపలికి రానివ్వరు. లాకర్‌కు ఒకటి, రెండు యూరోల నాణేలు జేబులో ఉంచుకోండి. ఈ చిత్రం అప్పుడప్పుడు వేరే ప్రదర్శనలకు వెళ్తుంది. రైలు టికెట్ కొనేముందు మ్యూజియానికి ఒక ఈమెయిల్ పెట్టడం మంచిది.

బసకు నది అవతలి నొయ్‌స్టాట్‌లో హాస్టళ్లు చవక, శుక్ర, శనివారాల్లో వీధి గోల అర్ధరాత్రి దాటినా ఆగదు. నిద్ర ముఖ్యమనుకుంటే ప్రాగర్ వీధి దగ్గరి చైన్ హోటళ్లు మేలు, స్టేషన్‌కు నడక దూరం. ఆదివారం దుకాణాలు మూత, స్టేషన్‌లోవి మాత్రం తెరిచే ఉంటాయి. శాకాహారులకు ఫలాఫెల్ ఎక్కడైనా దొరుకుతుంది. బంగాళదుంప ఉండలు (క్లోసె) శాకాహారమే, పైన పోసే పులుసు మాత్రం తరచూ మాంసం రసం. అడిగి తెప్పించుకోండి.

డ్రెస్డెన్ నుంచి స్టుట్‌గార్ట్‌కు దాదాపు ఆరు గంటలు పడుతుంది. ఒక్క ప్రయాణానికైతే ముందే కొన్న ఐసీఈ టికెట్ మేలు. నెలవారీ డోయిచ్‌లాండ్ టికెట్ (2026లో 63 యూరోలు) ఉన్నవాళ్లు లోకల్ రైళ్లలో వెళ్తే రోజంతా పోతుంది. పైగా అది చందా. నెల 10వ తేదీలోపు రద్దు చేయకపోతే వచ్చే నెల డబ్బూ కట్ అవుతుంది. స్టుట్‌గార్ట్‌లో పూట చాలు. ష్లోస్‌ప్లాట్స్ దగ్గరి ఘనాకారపు గాజు భవనమే కున్‌స్ట్‌మ్యూజియం (కళా మ్యూజియం). ‘మహానగరం’ (1927–28) ఇక్కడుంది. డ్రెస్డెన్‌లో పాఠాలు చెబుతున్న కాలంలోనే గీసిందది. నడుమ జాజ్, పట్టుబట్టలు. పక్కన కాళ్లు పోయిన సైనికుడు. డ్రెస్డెన్ చూసి వచ్చాక చూస్తే రెండూ ఒకే యుద్ధం గురించేనని అర్థమవుతుంది, అందుకే ఈ వరస మార్చొద్దు. ఊళ్లో పెద్ద వాణిజ్య ప్రదర్శనలున్న రోజుల్లో హోటల్ ధరలు రెట్టింపవుతాయి. బోబ్లింగెన్ వైపు మనవాళ్లెవరైనా ఉంటే వాళ్లింట్లో దిగడమే నయం.

హెమ్మెన్‌హోఫెన్‌కు స్టుట్‌గార్ట్ నుంచి జింగెన్ దాకా రైలు, అక్కడి నుంచి రాడోల్ఫ్‌జెల్, ఆపైన బస్సు. బస్సు అరగంట పైమాటే. ఆదివారాల్లో సర్వీసులు పల్చన, తిరుగు బస్సు సమయం దిగగానే ఫోటో తీసుకోండి. ఊళ్లో అద్దె ఇళ్లు ఆగస్టులో వారం లెక్కన తప్ప ఇవ్వరు. చివరి శుభ్రతకు, దుప్పట్లకు విడిగా వసూలు చేస్తారు, వెబ్‌సైట్‌లో కనిపించే ధరలో అవి ఉండవు. ఒకటి రెండు రాత్రులకు రాడోల్ఫ్‌జెల్ మేలు, స్టేషన్ సరస్సు ఒడ్డునే. పర్యాటక పన్ను కట్టినందుకు ఇచ్చే గెస్ట్ కార్డుతో జిల్లా బస్సులు, లోకల్ రైళ్లు ఉచితం. చాలామంది దాన్ని అడగకుండానే వెళ్లిపోతారు. ఇంకో చిక్కు ఫోన్. అవతలి ఒడ్డు స్విట్జర్లాండ్, యూరోపియన్ యూనియన్ రోమింగ్ అక్కడ వర్తించదు. ఫోన్ స్విస్ టవర్ పట్టుకుంటే బిల్లు పేలుతుంది. ఒడ్డు దగ్గరికి రాకముందే నెట్‌వర్క్‌ను మాన్యువల్‌గా పెట్టేసుకోండి.

1936లో కట్టిన ఇల్లు, ఇప్పుడు మ్యూజియం. వాలు మీద తోట, కింద సరస్సు. ‘వాంతి వచ్చేంత అందం’ అని డిక్స్ విసుక్కున్నది ఈ చోటు గురించే. నగరం లేక, మనుషుల్ని గీసే వీల్లేక చెట్లూ మంచూ గీసుకున్నాడు. నేలమాళిగలో 1966 కార్నివాల్ కోసం గోడ మీద వేసిన బొమ్మల్ని వదలొద్దు. ముసలాయన చిలిపితనం అక్కడే కనిపిస్తుంది. ఆయన సమాధి ఊరి శ్మశానంలోనే ఉంది.

ఇంకో రోజు ఉంటే దగ్గర్లోని కాటెన్‌హోర్న్ చర్చిలో ఆయన గాజు కిటికీలు చూడండి. ఎండ ఉన్నప్పుడే వెళ్లాలి, మబ్బు పడితే నల్లగా కనిపిస్తాయి. జింగెన్ నగర సభ హాలులో ‘యుద్ధమూ శాంతీ’ (1960) కుడ్యచిత్రం 5 మీటర్ల ఎత్తు, 12 మీటర్ల పొడవు. ఇంటి గోడలకు రంగులేస్తూ మొదలైన చెయ్యి అది. సమావేశం ఉంటే లోపలికి పంపరు, ముందురోజు ఫోన్ చేయండి. ఫ్రాన్స్‌లోని కోల్మార్‌లో 1945–46లో ఆయన యుద్ధఖైదీ. ‘యుద్ధం’ కూర్పుకు మూలమైన, పాత జర్మన్ చిత్రకారుడు గ్రూనెవాల్డ్ గీసిన బలిపీఠం ఆ ఊరి ఉంటర్‌లిండెన్ మ్యూజియంలోనే ఉంది. అది మూసేది మాత్రం మంగళవారం.