ఎర్ర నంబరు ప్లేటు కారులో లియోన్ నుంచి డోలమైట్స్ దాకా

యూరప్‌లో మూడు వారాలకు మించి సొంతంగా కారు నడుపుతూ తిరగదలచిన వారికి అద్దె కారు ఒక్కటే దారి కాదు. ఫ్రాన్స్‌లో రెనో, ప్యూజో, సిట్రోయెన్ సంస్థలు యూరోపియన్ యూనియన్ వెలుపల నివసించే పర్యాటకులకు సరికొత్త కార్లను లీజుకు ఇస్తాయి. కాగితాల ప్రకారం ఇది కారును కొని, ముందే ఒప్పుకున్న ధరకు తిరిగి అమ్మేయడం. మనం చెల్లించేది ఆ రెండు ధరల మధ్య తేడా. కొంతకాలం ఉండి వెళ్లిపోయే వారి వాహనం కనుక దానిపై పన్ను ఉండదు. ఎర్ర నంబరు ప్లేటు దానికి గుర్తు.

సాధారణంగా 21 రోజులు కనీస గడువు. మొదటి మూడు వారాల ధర ఎక్కువగానే కనిపించినా, ఆపై పెరిగే ఒక్కొక్క రోజుకు పడేది తక్కువ. అందువల్ల రెండు వారాల యాత్రకు ఇది దండగ, నాలుగైదు వారాల యాత్రకు లాభసాటి. అయితే నా దృష్టిలో దీని అసలు విలువ బీమాలో ఉంది. అద్దె కారుకు గీత పడితే మొదట కొంత పెద్ద మొత్తం మనమే భరించాలి, లేదా దాన్ని తప్పించుకోవడానికి రోజుకింత చొప్పున అదనంగా కట్టాలి. లీజు కారుకు పూర్తి బీమా ధరలోనే కలిసి ఉంటుంది, మన వాటా సున్నా, కిలోమీటర్లకు పరిమితి లేదు. ఇరుకు వీధుల పల్లెల్లో రాతి గోడల మధ్య కారును తిప్పుతున్నప్పుడు ఈ నిశ్చింత ఎంత అవసరమో తెలుస్తుంది. రిజిస్ట్రేషన్ మన పేరునే ఉంటుంది కాబట్టి, జరిమానా పడితే అది కూడా మన పేరునే వస్తుందని గుర్తుంచుకోవాలి.

కారును ఫ్రాన్స్‌లోనే తీసుకుని ఫ్రాన్స్‌లోనే తిరిగి ఇవ్వడం మేలు, ఎందుకంటే రోమ్‌లోనో మ్యూనిక్‌లోనో తీసుకుంటే అదనపు రుసుము పడుతుంది. మేము లియోన్‌ను ఎంచుకున్నాము. పారిస్ విమానాశ్రయం నుంచి నిద్రలేని కళ్లతో, ఎడమవైపు స్టీరింగుతో నగర వలయ రహదారిలోకి దిగడం కన్నా లియోన్ నుంచి ఉత్తరంగా బోన్ పట్టణానికి వెళ్లడం చాలా తేలిక. గేరు మార్చే చేయి కూడా మారుతుంది కనుక మన వారికి ఆటోమేటిక్ కారే మంచిది. అది కావాలంటే నెలల ముందే అడగాలి. కారులో కొద్దిపాటి ఇంధనమే పోసి ఇస్తారు. మొదటి పని బంకు వెతకడం, అదీ మోటారు మార్గం మీద కాక సూపర్ మార్కెట్‌కు అనుబంధంగా ఉన్నది, ఎందుకంటే ధరలో తేడా కొట్టొచ్చినట్టు ఉంటుంది.

ఇక్కడి నుంచి బయలుదేరే ముందు ఆర్టీఏ కార్యాలయంలో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి. అది ఏడాది చెల్లుతుంది, అసలు లైసెన్సు పక్కన ఉంటేనే దానికి విలువ. షెంగెన్ వీసాకు రుసుము 90 యూరోలు, 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా తప్పనిసరి, ఎక్కువ రోజులు ఉండే దేశానికే దరఖాస్తు చేయాలి. కారు యాత్రలో బసలు మారుతూ ఉంటాయని తెలిసినా వీసా కోసం అన్ని రాత్రుల బుకింగులూ చూపించాల్సి వస్తుంది. రద్దు చేసుకోగల గదులే తీసుకుంటే దారి మార్చుకునే స్వేచ్ఛ మిగులుతుంది.

బసల విషయంలో నా అభిప్రాయం స్థిరపడిపోయింది: నాలుగైదు రాత్రులకు తక్కువ ఎక్కడా దిగకూడదు, వంటిల్లు ఉన్న ఇల్లే తీసుకోవాలి. దీనికి మినహాయింపు బోన్, అక్కడ ఊరి గోడల బయట చిన్న హోటల్ చాలు. 1443లో స్థాపించిన ఒతెల్ ద్యూ వైద్యశాల రంగు పెంకుల కప్పు నడిచి చూడవచ్చు. అల్సాస్ ప్రాంతంలోని కాల్మార్‌లో మాత్రం పాతబస్తీ మధ్యలోని ఫ్లాటు కన్నా ద్రాక్షతోటల పల్లెలో గది నయం. సుమారు 170 కిలోమీటర్ల అల్సాస్ వైన్ రోడ్డు ఆ పల్లెల మీదుగానే పోతుంది, కారు ఇంటి ముందే నిలుస్తుంది. వంటకు వస్తే, అక్కడి పొయ్యిలు చాలా చోట్ల ఇండక్షన్‌వి. మన కుక్కరు అడుగు దానికి సరిపడేదిగా ఉండాలి. పొడులు తీసుకువెళ్లవచ్చు గానీ నెయ్యి, కోవా లాంటి పాల పదార్థాలను బయటి దేశాల నుంచి తేనివ్వరు. ఉప్పు లేని ఫ్రెంచి వెన్న కొని కాచుకుంటే వచ్చే నెయ్యి మన ఊరి నెయ్యికి తీసిపోదని మా ఇంటావిడ తీర్పు.

అల్సాస్ నుంచి జర్మనీ దాటి కాన్స్టాన్స్ సరస్సు మీద కార్ల ఫెర్రీలో పదిహేను నిమిషాల ప్రయాణం, ఆపై ఆస్ట్రియా. ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ మోటారు మార్గాలకు విన్యెట్, అంటే ముందే కొనుక్కునే టోలు పర్మిట్, కావాలి. స్విట్జర్లాండ్‌లో ఏడాది విన్యెట్ ఒక్కటే ఉంది, 40 ఫ్రాంకులు; ఒక్క రోజు దాటిపోవడానికీ అంతే. డిజిటల్ విన్యెట్ కారు నంబరుతో ముడిపడి ఉంటుంది, లీజు కారు నంబరు చాలా ముందుగా తెలియదు కనుక దాన్ని ఇంటి నుంచే కొనేయాలని తొందరపడడం వృథా. ఆస్ట్రియా నుంచి ఇటలీకి దింపే బ్రెన్నర్ మోటారు మార్గానికి విన్యెట్‌కు బదులు వేరే టోలు ఉంది.

యాత్రలో అన్నిటికన్నా ఎక్కువ మార్కులు ఇటలీలోని డోలమైట్స్ పర్వతాలకే ఇస్తాను, విచిత్రంగా కారును అతి తక్కువ వాడింది కూడా అక్కడే. వాల్ గార్డెనాలో మేము దిగిన ఇంటివారు దక్షిణ తిరోల్ అతిథి పాసు ఇచ్చారు. దానితో ఆ ప్రాంతపు బస్సులు, రైళ్లు ఉచితం. అల్పే ది సియుసి మైదానానికి ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా మామూలు కార్లను పోనివ్వరు. బ్రాయెస్ సరస్సుకు వేసవి రద్దీ వారాల్లో పగటిపూట పార్కింగ్ ముందే బుక్ చేసి ఉండాలి. 2,239 మీటర్ల పోర్దోయి కనుమకు మాత్రం తెల్లవారుజామునే సొంత కారులో వెళ్లాలి. ఎనిమిది దాటితే మోటారు సైకిళ్ల వరుసలు మొదలవుతాయి. ఇటలీ పట్టణాల నడిబొడ్డున జెడ్‌టీఎల్ అనే నిషేధిత వలయాలు ఉంటాయి, కెమెరా నంబరు తీస్తుంది, నోటీసు నెలల తరువాత ఇంటికి చేరుతుంది. వెరోనాలో కారును ఊరి బయట వదిలి బస్సెక్కాము.

ఫ్రాన్స్‌కు తిరిగి రావడానికి టురిన్‌కు పడమరగా ఫ్రెజూస్ సొరంగం ఉన్నా దాని టోలు బరువైనది. 1,850 మీటర్ల మోంజెనెవ్ కనుమకు పైసా కట్టనక్కర లేదు, దిగితే ఫ్రెంచి సైనిక ఇంజినీరు వోబాన్ కట్టించిన కోటల ఊరు బ్రియాన్సాన్. అక్కడి నుంచి ప్రొవాన్స్‌లో లుబెరాన్ కొండల దాకా హాయిగా సాగుతుంది, కాకపోతే పల్లెల్లో కుడివైపు సందులోంచి వచ్చే వాహనానికి మనం ఆగాలన్న నియమం మన వారికి మింగుడు పడదు. జులై, ఆగస్టుల్లో గీత్ అనే గ్రామీణ అద్దె ఇళ్లను చాలా వరకు శనివారం నుంచి శనివారానికే ఇస్తారు. అంటే ఊరంతా ఒకే రోజు రోడ్డు మీద ఉంటుంది. ప్రభుత్వ ట్రాఫిక్ సేవ బిజోన్ ఫ్యూతే రోడ్ల రద్దీని బట్టి ఏ రోజులు ఎరుపో, ఏవి అంతకన్నా గడ్డువైన నలుపో ముందే ప్రకటిస్తుంది. అది చూసి మేము ఇంటిని ఒక రాత్రి ముందే ఖాళీ చేసి, డబ్బు పోయినా సరేనని శుక్రవారం ఉదయమే ఏ7 మోటారు మార్గం మీద లియోన్ చేరుకున్నాము. ట్యాంకు నింపి ఇవ్వవలసిన పని లేదు కనుక కారు అప్పగింత కాసేపట్లో ముగిసింది.