పెద్ద బ్రాకిష్ ట్యాంక్‌కు వెనక గోడ: థర్మాకోల్-సిమెంటా, ఫోమా, షాబాద్ బండా?

బ్రాకిష్ ట్యాంక్, అంటే సముద్రం నీళ్లకన్నా తక్కువ ఉప్పుండే నీళ్ల చేపల ట్యాంక్, పెడతమనేవాళ్లు ఈమధ్య అందరూ ఒకటే అడుగుతున్నరు, బ్యాక్‌గ్రౌండ్ (ట్యాంక్ లోపలి వెనక గోడ) ఇంట్లోనే చేసుకుంటం, దేనితో చేస్తే మేలు అని. అందులో పెంచే మోనోలు, స్కాట్లు, ఆర్చర్లు, పఫర్లు అనే చేపలు, నీళ్లల్లో కలిపే మెరైన్ సాల్ట్ (సముద్రపు ఉప్పు), వీటి జోలికి ఇక్కడ పోను. మా ఆరడుగుల ట్యాంక్‌కు వెనక గోడ ఈమధ్యే చేసిన, అప్పుడు వేసుకున్న లెక్కలే ఇక్కడ చెప్తున్న.

థర్మాకోల్‌ను కోసి పైన సిమెంట్ పూత వేసేది మొదటి పద్ధతి. సిమెంట్ పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) పెంచుతది కదా అని ముందు భయపడతరు. పెంచుతది, కానీ ఇది మెత్తటి నీళ్లు కావాల్సిన నియాన్ టెట్రా చేపల ట్యాంక్ కాదు, ఈ చేపలకు 7.8 నుంచి 8.4 దాకా పీహెచ్, హార్డ్ వాటరే కావాలె, మన బోరు నీళ్లు చాలాచోట్ల ఎట్లాగూ హార్డే. కొత్త సిమెంట్ మాత్రం సున్నం వదిలి పీహెచ్‌ను 11 దాటించగలదు, అందుకని పూత ఆరినంక వారం నీళ్లు పట్టాలె, తర్వాత ట్యాంక్ నింపుడు, రెండు రోజులాగి తీసేసుడు, టెస్ట్ కిట్‌లో అంకె పెరగకుండా నిలబడేదాకా ఇదే పని. ఓపిక ఉంటే తీరే సమస్యే.

నా దృష్టిలో అసలు చూడాల్సింది తేలుడు, దాని గురించి మాత్రం ఎవరూ అడగరు. ఫ్రిజ్ ప్యాకింగ్‌లో వచ్చిన థర్మాకోల్ ముక్క ఒకటి తీస్కొని బకెట్ నీళ్లల్లో అరచేత్తో అడుగుదాకా ఒత్తిపట్టి చూడండి, కాసేపటికే చెయ్యి వణుకుతది, కొంచెం పక్కకు జరిగితే చాలు తన్నుకొని పైకొస్తది. లీటర్ థర్మాకోల్‌ను నీళ్లు దాదాపు కిలో బలంతో పైకి తోస్తయి. 6×2×2 అడుగుల ట్యాంక్‌లో గోడ సగటున మూడంగుళాల మందం అనుకోండి, అది 85 లీటర్లు, పైన ఖాళీ వదిలేది, సిమెంట్ పూత బరువు తీసేసినా 70 కిలోల దాకా తోపు పగలూ రాత్రీ ఉంటది. సిలికాన్ గాజును వదలదు, థర్మాకోలే పూసలు పూసలుగా ఊడొస్తది. ఒక మూల లేచిందంటే వెనకాల సందులోకి చేప దూరి చిక్కుకుంటది, చచ్చినా తీసే దారి ఉండదు, అక్కడ కదలని నీళ్లు కుళ్లుతయి, అప్పుడు 600 లీటర్లు ఖాళీ చేసి మొదలుకు రావాల్సిందే.

రెండోది పీయూ ఫోమ్, డబ్బాలోంచి కొడితే ఉబ్బి గట్టిపడే పాలియురేథేన్ నురగ. అది గాజుకు బాగా పట్టుకుంటది, కోసుకునుడు సులువు, కానీ తోపు మాత్రం అంతే. పైన సిలికాన్ రాసి ఇసుక అద్దిన పూత గట్టి పళ్లతో కొరికే పఫర్ నోటికి ఆగుతదని నాకు నమ్మకం లేదు. ఒకటి గుర్తుపెట్టుకోండి, ఈ ఫోమ్ గాలిలో తేమతోనే గట్టిపడతది, మే నెలలో హైదరాబాద్ ఎండకు చేస్తే పొరపొరకూ నీళ్లు స్ప్రే చేయాలె.

ఇక షాబాద్ బండ. తాండూరు, షాబాద్ బండలు సున్నపురాయే, నీళ్లను హార్డ్ చేస్తయి, మామూలు మంచినీళ్ల ట్యాంక్‌లో వద్దనేది అందుకే, బ్రాకిష్‌కు మాత్రం ఆ గుణమే కలిసొస్తది. బండల షాపుల దగ్గర కోయగా మిగిలిన పట్టీలు అగ్గువకు దొరుకుతయి. నున్నటి ముఖం కాకుండా విరిగిన అంచు ముందుకు పెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చితే పొరలు పొరలుగా ఏటి గట్టు లెక్క కనపడతది, ఆ పొరల సందుల్లో నాచు పడితే స్కాట్లు పొద్దంతా దాన్నే గీకుతుంటయి. సగటున అంగుళం మందానికి 70 కిలోల పైనే బరువు, అది కిందికే కూర్చుంటది, పైకి లేచే మాటే లేదు. నీళ్ల చోటు కూడా 85 లీటర్లకు బదులు 28 లీటర్లే తింటది, ఇంత చెత్త చేసే చేపలకు అది చిన్న విషయం కాదు. స్టాండ్ గట్టిగా ఉండాలె, ఫ్లాట్‌లో అయితే కింద బీమ్ ఉన్న గోడ వారకే పెట్టండి. అతికించేటప్పుడు వెనిగర్ వాసనొచ్చే సిలికాన్ వాడొద్దు, అందులో ఆమ్లం సున్నపురాయిని తిని పట్టు వదులు చేస్తది, న్యూట్రల్ రకం తీస్కోండి, అందులోనూ ఫంగస్ మందు కలిపిన బాత్రూమ్ సిలికాన్ అసలే వద్దు. మొదటి వరస కింద గాజు మీద సిలికాన్ పరిచి దాని మీద ఆనించాలె, రాయి మొన ఒక్కచోటే ఆనితే గాజు పగుల్తది.

థర్మాకోల్ గెలిచేది ఒక్కచోట. ఆర్చర్లకో, బురద మీదికెక్కి గెంతే మడ్‌స్కిప్పర్ చేపలకో ట్యాంక్ సగమే నింపి, పైన కోరింగ మడ అడవుల్లో లెక్క వేర్లు దిగినట్టు చేయాలంటే ఆ వంపులు బండతో రావు. నీళ్లు సగమే కాబట్టి తోపు కూడా సగమే. అప్పుడు సిమెంట్ మొదటి పూత మజ్జిగంత పల్చగా, తర్వాతవి చిక్కగా వేయండి, రంగుకు ఎర్ర, నల్ల ఆక్సైడ్ చాలు, స్ప్రే పెయింట్ కొడితే థర్మాకోల్ కరిగిపోతది. బలానికని లోపల ఇనుప జాలీ పెట్టొద్దు, ఉప్పుకు తుప్పు పట్టి పూతను పగలగొడతది. వెనకవైపు సిమెంట్ రాయకుండా మొత్తం సిలికాన్ పరిచి అతికించి, పై అంచు బ్రేసింగ్ గాజు పట్టీ (ట్యాంక్ పై అంచుకు బలానికి అతికించే పట్టీ) కిందికి దూరేటట్టు కోయండి.

రెడీమేడ్ రెసిన్ గోడలు బాగానే ఉంటయి, ఆరడుగులకు ధర భారీ. పోస్టర్, బయట నల్ల పెయింట్ ఐదు నిమిషాల పని, ఒక్క పఫర్ ఉన్న చిన్న ట్యాంక్‌కు అదే చాలు.

ఏది చేసినా ఫిల్టర్ పైపులకు, హీటర్‌కు చోటు ముందే కోసిపెట్టుకోండి, ఉప్పు కలిపేటప్పుడు గోడ తిన్న లీటర్లు తీసేసి లెక్కేయండి.